ఫెర్రెట్‌కు తక్కువ ఖర్చులో సొరంగాలు, బొమ్మలు ఇంట్లో ఎలా చేయాలి?

బరంపురంలో ఫెర్రెట్ (ముంగిసలా సన్నగా, పొడవుగా ఉండే చిన్న పెంపుడు జంతువు) ఆడుకునే బొమ్మలు దొరకడం లేదు, ఆన్‌లైన్‌లో చూస్తే ధరలు ఎక్కువ, ఇంట్లోనే చేయొచ్చా అని అడిగారు. నిక్షేపంగా చేయొచ్చండీ.

బొరియల్లో దూరడం దాని పుట్టుబుద్ధి కాబట్టి ముందు సొరంగం సంగతి చూడండి. ప్లంబింగ్ పనిలో మిగిలిన 4 అంగుళాల పీవీసీ పైపు ముక్కలు చాలు. అంతకన్నా సన్నవైతే ఒళ్లు చేసిన ఫెర్రెట్ ఇరుక్కుంటుంది. కోసిన అంచును ఉప్పుకాగితంతో రుద్ది, వేలితో తడిమి చూడండి, ఎక్కడా గీసుకోకూడదు. పాత జీన్స్ ప్యాంటు కాలు కూడా మంచి సొరంగమే. వేలాడే దారాలు కత్తిరించండి, గోళ్లు చిక్కుకుంటాయి.

బొమ్మల్లో నా ఓటు అట్టపెట్టెకే. కన్నాలు చేసి, నలిపిన న్యూస్‌పేపర్ నింపితే తవ్వుకుంటూ కూర్చుంటుంది. పిన్నులు, టేపు ముందే పీకేయండి. రబ్బరు, స్పాంజి మాత్రం వద్దే వద్దు. కొరికి మింగితే పేగుల్లో అడ్డుపడి ఆపరేషన్ దాకా వెళ్తుంది. హవాయి చెప్పులు, రిమోట్ బటన్లూ (అవంటే మహా ఇష్టం) ఈ లెక్కలోకే వస్తాయి.

30 డిగ్రీలు దాటితే వీటికి వడదెబ్బ భయం. చెమట పట్టదు కాబట్టి ఫ్యాన్ ఒక్కటే సరిపోదు. వేసవిలో సొరంగం పక్కన గుడ్డ చుట్టిన ఐస్ సీసా పెట్టండి.