సభకు రైతులు రాకపోతే కూలీల వాడకే వెళ్లండి

పొలం ప్రమాదాలపై అవగాహన సభ పెడితే ఊళ్లో పదిమంది కూడా రావడం లేదని, రైతులను ఎలా కలుపుకోవాలని అడిగారు. మాది వరంగల్ వైపు పత్తి పండించే ఊరు. అక్కడ మేం చూసింది చెబుతాను.

సభకు వచ్చేది సాధారణంగా భూమి ఉన్న పెద్ద రైతులు. పంపు భుజాన వేసుకుని పురుగుమందు కొట్టేది మాత్రం ఎక్కువగా కూలీలు, కౌలు రైతులు. మందు కలపడానికి నీళ్లు మోసేది ఆడవాళ్లు. అందుకే రాత్రి భోజనాలయ్యాక మేమే వాళ్ల వాడకు వెళ్లి కూర్చున్నాం. ఉపన్యాసం ఏమీ లేదు. మందు కొట్టిన రోజు ఒంట్లో ఎలా ఉంటుందని అడిగాం, అంతే. తల తిరగడం, కళ్లు మసకబారడం, ఒళ్లంతా చెమటలు, వాంతులు... ఇన్నాళ్లూ ఎండదెబ్బ అనుకున్నవన్నీ ఒక్కొక్కరే చెప్పారు. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ 20 మందికి పైగా చనిపోయారని అప్పుడు చెబితే శ్రద్ధగా విన్నారు.

మాస్కు పెట్టుకుంటే ఆ ఉక్కలో ఊపిరాడదన్నారు. అది నిజమే, వాదించకండి. ఏది కుదురుతుందో వాళ్లనే అడగండి. మావాళ్లు ఎండ ముదరకముందే పని ముగించాలన్నారు, గాలికి ఎదురుగా నడవకూడదన్నారు. పంపు నాజిల్ (మందు చిమ్మే మొన) అడ్డుపడితే నోటితో ఊదే అలవాటు మానాలని ఒక పెద్దాయనే అన్నాడు, పాత టూత్ బ్రష్‌తో శుభ్రం చేసి చూపించాడు. నీళ్లు కలపని మందు చాలా ప్రమాదం కాబట్టి కలిపేటప్పుడైనా చేతితొడుగులు తప్పనిసరి అనుకున్నారు. నాకు అన్నిటికన్నా నచ్చింది ఆడవాళ్ల మాట: మందు కొట్టే రోజు సబ్బు, రెండు బిందెల నీళ్లు, చేతితొడుగులు చేను యజమానే ఇవ్వాలని యజమానుల ముందే తేల్చి చెప్పారు.

పురుగుమందుల దుకాణదారుడిని కూడా కూర్చోబెట్టండి, రైతు మొదట సలహా అడిగేది అతన్నే. డబ్బా మీది త్రికోణం ఎరుపు రంగులో ఉంటే అత్యంత విషపూరితమని, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ అని అతని చేతే చెప్పించండి. ఎవరైనా పడిపోతే బట్టలు విప్పి, సబ్బుతో ఒళ్లు కడిగి, 108కి ఫోన్ చేయాలి. మందు డబ్బాను కూడా ఆసుపత్రికి తీసుకెళ్లాలి, ఏ మందో తెలిస్తే వైద్యుడికి పని సులువవుతుంది.

మోటారు స్టార్టర్ల దగ్గర కరెంటు షాక్ గురించైతే లైన్‌మన్‌ను ఆ వాడకే రప్పించండి.

ఇదంతా జూలైలోనే, మందు కొట్టడం మొదలుకాకముందే పెట్టుకోండి. సెప్టెంబరులో చేను ఏపుగా పెరిగాక మందు నేరుగా ముఖం మీదే పడుతుంది, అప్పుడు కూర్చుని మాట్లాడే తీరిక ఎవరికీ ఉండదు.