పాత జిల్జియన్ సింబల్ (డ్రమ్స్‌తో పాటు వాయించే కంచు పళ్లెం) ఏ కాలానిదో ఎలా తెలుస్తుంది?

ముందు లోహంలోకి దిగిన అచ్చుముద్ర చూడండి. పైన సిరాతో వేసిన పెద్ద అక్షరాలు 1970ల చివర్లో వచ్చినవే. అవి లేవు కాబట్టి పాతదేనని సంబరపడకండి, తోమి తోమి చెరిపేసి ఉండొచ్చు!

జిల్జియన్లు ఇస్తాంబుల్‌లోని ఆర్మీనియన్ కుటుంబం. కార్ఖానా 1623లో పెట్టారు. 1929లో ఆ కుటుంబానికే చెందిన అవెడిస్ అమెరికాలో తయారీ మొదలుపెట్టాడు కాబట్టి, ముద్రలో ‘మేడిన్ యూఎస్ఏ’ ఉంటే అది ఆ తర్వాతిదే. ‘కె. జిల్జియన్’తో పాటు ‘ఇస్తాంబుల్’ అని అచ్చుపడి ఉంటే టర్కీ సరుకు, ధర చుక్కల్లోనే. ‘కాన్‌స్టాంటినోపుల్’ (ఇస్తాంబుల్ పాత పేరు) పేరుతో కొత్తవీ వస్తున్నాయి, జాగ్రత్త.

కంచు మాత్రం రెండు చోట్లా దాదాపు ఒకటే: 80 పాళ్లు రాగి, 20 పాళ్లు తగరం. చేత్తో కొట్టిన పాత టర్కీవాటిపై వేలు పెడితే సుత్తి గుంతలు ఎగుడుదిగుడుగా తగులుతాయి.

కొనేముందు మధ్య రంధ్రం అరిగి కోలగా సాగిందేమో, అంచున పగులుందేమో చూడండి. పాలిష్ మాత్రం పెట్టొద్దు.