దవడ నరం జాడ స్కాన్‌లో ఎంతవరకు తెలుస్తుంది?

ప్రశ్న: కింది దవడలో కుడివైపు రెండు పెద్ద దవడ పళ్లు తీయించుకుని చాలా ఏళ్లయింది. ఇప్పుడు అక్కడ ఇంప్లాంట్లు (ఎముకలో బిగించే కృత్రిమ పంటి వేళ్లు) పెట్టించుకోవాలనుకుంటున్నాను. నోరంతా కనిపించే ఓపీజీ ఎక్స్‌రే ఇదివరకే తీశారు. అయినా, లోపల నరం ఉంటుంది కనుక సీబీసీటీ అనే త్రీడీ స్కాన్ కూడా కావాలని డాక్టరు గారు అంటున్నారు. ఆ ఎక్స్‌రే చాలదా? స్కాన్ రేడియేషన్ వల్ల హాని లేదా? – ఒక పాఠకురాలు

జవాబు: మీ విషయంలో స్కాన్ అడగడం సబబేనని నా అభిప్రాయం. కింది దవడ ఎముక లోపల ఒక సన్నని కాలువ ఉంటుంది. దవడ వెనుక భాగంలో, లోపలి వైపున ఉన్న రంధ్రం గుండా అందులోకి ప్రవేశించే నరం దవడ పళ్ల వేళ్ల కిందుగా సాగి, చిన్న దవడ పళ్ల దగ్గర చెంప వైపున్న మరో రంధ్రం నుంచి బయటికి వచ్చి, కింది పెదవికీ గడ్డానికీ స్పర్శనిస్తుంది. దీనికి దెబ్బ తగిలితే మూతి వంకరపోదు గానీ, పెదవి మొద్దుబారడం, తిమ్మిరి, కొందరిలో మంటతో కూడిన నొప్పి నెలల తరబడి, ఒక్కోసారి శాశ్వతంగా ఉండిపోవచ్చు. పళ్లు తీసి ఏళ్లు గడిచిన చోట ఎముక పైనుంచి అరిగిపోతుంది కాబట్టి, నరానికి పైన మిగిలే ఎత్తు మీ వంటివారిలో తక్కువగా ఉండే అవకాశం ఎక్కువ.

ఓపీజీ పనికిరానిదేమీ కాదు. మొదటి అంచనాకు అదే ఆధారం. అయితే అందులో కొలతలు సాధారణంగా 20 నుంచి 30 శాతం వరకు పెద్దవిగా కనిపిస్తాయి. దాన్ని లెక్కగట్టి సరిచేసుకోవచ్చు గానీ, ఎముక మందం ఎంతో, కాలువ నాలుక వైపుకు ఒరిగి ఉందో చెంప వైపుకు ఒరిగి ఉందో ఆ చిత్రం చెప్పలేదు. దవడ లోపలి వైపు ఎముక పల్లంగా ఉన్నవారిలో డ్రిల్ ఆ పక్క నుంచి బయటికి పొడుచుకుపోతే, నాలుక కింది రక్తనాళాలు తెగి, వాపుతో ఊపిరి ఆడటమే కష్టం కావచ్చు. నా దృష్టిలో నరం ఎంత ముఖ్యమో ఈ పల్లమూ అంతే ముఖ్యం.

1990ల చివర్లో వాడుకలోకి వచ్చిన సీబీసీటీ, శంకువు ఆకారపు ఎక్స్‌రే కిరణాలతో తల చుట్టూ తిరిగి దవడను మూడు కోణాల్లోనూ చూపిస్తుంది. ఇంప్లాంట్ పెట్టబోయే చోట ఎముకను అడ్డంగా కోసినట్టు చూసి, పై అంచు నుంచి కాలువ దాకా ఎన్ని మిల్లీమీటర్లుందో కొలవవచ్చు. నిజానికి అందులో కనిపించేది నరం కాదు, నరం సాగే కాలువ గోడ మాత్రమే. కొందరిలో ఆ గోడ పలచగా ఉండి సరిగా ఆనదు. కొందరిలో కాలువ రెండుగా చీలుతుంది, మరికొందరిలో నరం రంధ్రాన్ని దాటి ముందుకు వెళ్లి మళ్లీ వెనక్కి తిరుగుతుంది. పక్క పళ్ల మీది లోహపు తొడుగులూ, స్కాన్ సమయంలో తల కదలడమూ చిత్రాన్ని చెడగొడతాయి. ఇంప్లాంట్ కొనకూ కాలువకూ మధ్య కనీసం 2 మిల్లీమీటర్లు వదలాలనే నియమం ఇందుకే వచ్చింది. డ్రిల్ మొన ఇంప్లాంట్ పొడవు కన్నా కొంత లోతుకు దిగవచ్చు కనుక ఆ తేడానూ లెక్కలోకి తీసుకోవాలి. కంప్యూటర్‌లో రూపొందించిన గైడ్ (డ్రిల్‌కు దారి చూపే అచ్చు) వాడినా కొద్దిపాటి తేడా తప్పదు.

ఇక రేడియేషన్ సంగతి. ఓపీజీకి సుమారు 10 నుంచి 25 మైక్రోసీవర్టులు (రేడియేషన్ మోతాదును కొలిచే ప్రమాణం) పడితే, సీబీసీటీకి యంత్రాన్నీ చిత్రం పరిధినీ బట్టి కొన్ని పదుల నుంచి కొన్ని వందల దాకా పడవచ్చు. ప్రకృతి నుంచి మనిషికి ఏడాదికి సగటున అందేది దాదాపు 2400 మైక్రోసీవర్టులు. భయపడవలసిన మోతాదు కాదు గానీ, అవసరమైన భాగానికే పరిమితమైన చిన్న స్కాన్ సరిపోతుందేమో అడగండి. గర్భం దాల్చే అవకాశం ఉంటే ముందే చెప్పండి.

శస్త్రచికిత్స రోజు మత్తు దిగవలసిన సమయం దాటినా పెదవి మొద్దుగానే ఉంటే మరునాటి దాకా ఆగకుండా వెంటనే డాక్టరుకు తెలియజేయండి. ఇంప్లాంట్ నరాన్ని నొక్కుతోందని తేలితే, దాన్ని ఒకటి ఒకటిన్నర రోజు లోపే తీసివేయడం వల్ల స్పర్శ తిరిగి వచ్చే అవకాశం మెరుగుపడుతుంది.