టెక్ సందేహాలు: మాస్క్ ఒకటి, గీసేవాళ్లు నలుగురు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే విషయం గురించి. ఆన్‌లైన్ రియాలిటీ గేమ్‌లలో ఇచ్చే మాస్క్ డిజైన్ టాస్క్. ఈ ఆటలు తెలియనివాళ్ల కోసం ముందు కొంచెం చెబుతాను. డిస్కార్డ్ లాంటి చాట్ యాప్‌లో కొంతమంది చేరతారు. హోస్ట్ వాళ్లను టీమ్‌లుగా విడదీసి టాస్క్‌లు పెడతారు. ఓడిన టీమ్ తమలో ఒకరిని ఓటేసి బయటికి పంపాలి. మాస్క్ టాస్క్‌లో టీమ్ అంతా కలిసి ఒక ముసుగు డిజైన్ చేసి, గడువు లోపల పంపాలి. ఏది బాగుందో జడ్జీలు చెబుతారు.

బొమ్మ బాగాలేక ఓడిన టీమ్‌లు తక్కువ. ఫైలు ఒకరి నుంచి ఇంకొకరికి వెళ్లే దారిలో పాడై ఓడిన టీమ్‌లనే నేను ఎక్కువ చూశాను. ఇష్టపడి ఆడుతున్న ఆటలోంచి ఒక మనిషి ఫైల్ ఫార్మాట్ తెలియని కారణంగా వెళ్లిపోతే నాకు నిజంగా బాధేస్తుంది. అందుకే ఈ వారం కాలమ్ మొత్తం దీనికే ఇస్తున్నాను.

ప్రశ్న: మా టీమ్‌లో నలుగురం. ఒకరికి ఐప్యాడ్, ఒకరికి ల్యాప్‌టాప్, ఇద్దరికి ఆండ్రాయిడ్ ఫోన్లు. టైమ్ 48 గంటలు. నలుగురం ఒకే మాస్క్ మీద ఎలా పనిచేయాలి? పోయినసారి నాలుగు ముక్కలు ఒక్కచోటికి చేర్చేసరికి కళ్లు ఒకచోట, ముక్కు ఇంకోచోట పడ్డాయి.

మీ ముక్కలు అతకకపోవడానికి కారణం బహుశా ఇదే: ఎవరికి వాళ్లు తమకు నచ్చిన సైజులో కాన్వాస్ (యాప్‌లో గీసే ఖాళీ పేజీ) తెరిచి ఉంటారు. కాబట్టి గీత గీయకముందే కొలత తేల్చుకోండి. 3000 పిక్సెళ్ల వెడల్పు, 3000 పిక్సెళ్ల ఎత్తు చాలా టాస్క్‌లకు సరిపోతుంది. పెద్దగా గీసి చివర్లో చిన్నది చేస్తే ఏ నష్టమూ లేదు. చిన్నగా గీసి పెద్దది చేస్తే మాత్రం అంచులన్నీ మసకబారతాయి. అలాగని మరీ పెద్దదీ వద్దు. ఐప్యాడ్‌లో ప్రొక్రియేట్ అనే డ్రాయింగ్ యాప్ వాడేవాళ్లకు కాన్వాస్ పెరిగేకొద్దీ లేయర్ల (ఒకదాని మీద ఒకటి పేర్చి గీసే పొరల) సంఖ్య తగ్గిపోతుంది. ర్యామ్ తక్కువున్న ఫోన్లలో యాప్ మధ్యలోనే మూసుకుపోవచ్చు.

కొలత తేలాక ఒకరు ముఖం ఆకారం, కళ్ల రంధ్రాలు, ముక్కు గీత మాత్రం పలుచగా గీసి ఆ ఫైలును అందరికీ పంపాలి. అందరూ దాన్ని అడుగు లేయర్‌గా పెట్టుకుని, దాని పైన కొత్త లేయర్ మీద తమ భాగం గీయాలి. నుదుటి అలంకారం ఒకరికి, చెంపల నగిషీ ఒకరికి, కిరీటం ఒకరికి, రంగులూ నీడలూ ఒకరికి. పూర్తయ్యాక అడుగు లేయర్‌ను ఆపేసి, తాము గీసింది మాత్రమే పారదర్శక పీఎన్‌జీగా (గీయని చోటు ఖాళీగానే ఉండే బొమ్మ ఫైలుగా) సేవ్ చేయాలి. ఇక్కడ అందరూ చేసే తప్పు ఒకటుంది. చుట్టూ ఖాళీ ఎందుకని క్రాప్ చేస్తారు. దయచేసి చేయకండి. ఆ ఖాళీతో పాటు మొత్తం 3000 పిక్సెళ్ల కాన్వాస్‌ను అలాగే పంపితే, కలిపేవాళ్లు ఒకదాని మీద ఒకటి పేర్చగానే ప్రతి ముక్కా తన చోట్లో తనే కూర్చుంటుంది. జరపడం, తిప్పడం ఏదీ అక్కర్లేదు.

ఫొటోషాప్ వాళ్ల పీఎస్‌డీ ఫార్మాట్‌లో పంపుకుంటే లేయర్లు విడివిడిగా ఉంటాయి కదా అని అడగొచ్చు. నిజమే. క్రిటా, ప్రొక్రియేట్, బ్రౌజర్‌లో నడిచే ఫొటోపీ లాంటి డ్రాయింగ్ యాప్‌లు పీఎస్‌డీని తెరుస్తాయి. కానీ ఒక యాప్‌లో పెట్టిన బ్లెండింగ్ (లేయర్ల రంగులు కలిసే తీరు), ఎఫెక్ట్‌లు, అక్షరాలు ఇంకో యాప్‌లో మారిపోవచ్చు. ఐప్యాడ్‌కూ ల్యాప్‌టాప్‌కూ మధ్య పీఎస్‌డీ వాడండి, ఫోన్ల నుంచి వచ్చేవి మాత్రం పీఎన్‌జీలుగా తీసుకోండి. అలా చేస్తే టెన్షన్ తగ్గుతుంది.

ఒకేసారి నలుగురూ ఒకే కాన్వాస్ మీద గీయాలనుకుంటే దానికీ దారులున్నాయి. డ్రాపైల్ ఉచితం, ఆండ్రాయిడ్‌లోనూ నడుస్తుంది. మాగ్మా బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది. ఫిగ్మాలో కూడా అందరూ ఒకేసారి పనిచేయొచ్చు, కాకపోతే అది చేత్తో గీసే బొమ్మల కంటే ఆకారాలతో కట్టే డిజైన్లకు నప్పుతుంది, ఫోన్‌లో కష్టం. నా సలహా ఏమిటంటే, ఈ లైవ్ యాప్‌లను మొదటి గంట ఆలోచనల కోసం వాడండి. ఒకరి గీత చూసి ఇంకొకరికి ఐడియా తట్టేది అక్కడే. చక్కగా తుదిమెరుగులు దిద్దే పని మాత్రం ఎవరి అలవాటైన యాప్‌లో వాళ్లు చేసుకోవడమే మంచిది.

ఇంకొకటి, సిమెట్రీ. ముసుగు రెండు పక్కలా ఒకేలా ఉండాలంటే సగమే గీస్తే చాలు. ప్రొక్రియేట్‌లో డ్రాయింగ్ గైడ్ కింద, ఐబిస్ పెయింట్ యాప్‌లో రూలర్ల కింద సిమెట్రీ ఉంది. క్రిటాలో పై వరుసలోనే మిర్రర్ బటన్ కనిపిస్తుంది. ఎడమ కన్ను గీస్తుంటే కుడి కన్ను తనంతట తానే వస్తుంది. మొత్తం అయ్యాక మాత్రం మిర్రర్ ఆపేసి, ఒక పక్కన చిన్న మచ్చో, గీతో, పగులో కావాలని వేయండి. రెండు పక్కలా అచ్చుగుద్దినట్టు ఉన్న ముఖంలో జీవం ఉండదు.

ఫైళ్లన్నీ ఒకే డ్రైవ్ ఫోల్డర్‌లో ఉంచండి, వాటి బాధ్యత ఒకరికే అప్పగించండి. ఎవరైనా పొరపాటున పాత ఫైలు మీద కొత్తది ఎక్కించినా భయం లేదు. గూగుల్ డ్రైవ్‌లో పీఎన్‌జీ, పీఎస్‌డీ లాంటి ఫైళ్ల పాత వెర్షన్లు మామూలుగా 30 రోజులు, లేదా 100 వెర్షన్లు దాటేదాకా ఉంటాయి. ఫైల్ మెనూలో వెర్షన్లు చూపించమని అడిగితే వెనక్కి తెచ్చుకోవచ్చు.

ప్రశ్న: మా మాస్క్ ల్యాప్‌టాప్‌లో అద్భుతంగా ఉంది. వాట్సాప్‌లో పంపితే కళ్ల రంధ్రాల్లో నల్లరంగు నిండిపోయింది, బంగారు గీతలు అలుక్కుపోయాయి. హోస్ట్ దాన్నే జడ్జీలకు చూపించారు. ఓడిపోయాం.

మీ తప్పు లేదు, కానీ వచ్చేసారి ఇలా జరగకుండా చూసుకోవచ్చు. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే సైజు తగ్గించడానికి దాన్ని జేపీజీగా మారుస్తుంది. జేపీజీ 1992 నాటి ప్రమాణం, కెమెరా ఫొటోల కోసం పుట్టింది. అందులో పారదర్శకత అనేదే లేదు. మీరు ఖాళీగా వదిలిన కళ్ల రంధ్రాల్లో ఏదో ఒక రంగు నింపాలి కాబట్టి నలుపో తెలుపో నింపేస్తుంది. పైగా సన్నని గీతల చుట్టూ మురికి పట్టినట్టు మచ్చలు వస్తాయి. హెచ్‌డీ అని ఎంచుకున్నా కుదింపు పూర్తిగా పోదు. అటాచ్ గుర్తు నొక్కి, డాక్యుమెంట్ అని ఎంచుకుని పీఎన్‌జీ పంపండి. అప్పుడు మీరు పంపింది పంపినట్టే చేరుతుంది. డిస్కార్డ్‌లో డబ్బు కట్టని ఖాతాలకు ఒక్కో ఫైలు 10 ఎంబీ దాటకూడదు. దాటితే పీఎన్‌జీని జేపీజీ చేయకండి, కొలతను 3000 నుంచి 2000 పిక్సెళ్లకు తగ్గించండి.

పంపేముందు ఇంకో పని చేయండి. మాస్క్‌ను ఒకసారి తెల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద, ఒకసారి నల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద పెట్టి చూడండి. జడ్జీల్లో కొందరు డార్క్ మోడ్‌లో చూస్తారు, మీ నల్లటి కొమ్ములు ఆ నలుపులో కలిసిపోతాయి. తర్వాత బొటనవేలి గోరంత చిన్నది చేసి చూడండి. చాట్‌లో మొదట కనపడేది ఆ సైజులోనే. అప్పుడూ అది ఏ ముసుగో తెలిసిందంటే పంపేయొచ్చు.

ప్రశ్న: ఐప్యాడ్‌లో గీసిన ఎరుపు నా ఫోన్‌లో పాలిపోయినట్టు ఉంది. ఏది అసలు రంగు?

రెండూ తమ తమ స్క్రీన్లకు అసలు రంగులే. ఐప్యాడ్‌లలో చాలావాటి స్క్రీన్ పీ3 అనే విశాలమైన రంగుల శ్రేణిని చూపిస్తుంది. ఎస్‌ఆర్‌జీబీ అనే శ్రేణి దానికంటే చిన్నది, దాదాపు అన్నిచోట్లా ఒకేలా కనిపించేది అదే. కాన్వాస్ తెరిచేటప్పుడే కలర్ ప్రొఫైల్ ఎస్‌ఆర్‌జీబీ అని ఎంచుకోండి. రంగులు వేసే సమయంలో నైట్ మోడ్, చుట్టూ ఉన్న వెలుతురును బట్టి స్క్రీన్ రంగు మార్చే ట్రూ టోన్ ఆపేయండి.

ప్రశ్న: ఈసారి టాస్క్‌లో మాస్క్ డిజైన్ చేయడమే కాదు, టీమ్‌లో ఒకరు దాన్ని తొడుక్కుని కనిపించాలట. ఫిల్టర్‌గా చేయాలా, ప్రింట్ తీయాలా?

ఎవరికి ఏది అందుబాటులో ఉంటే అది. ఫిల్టర్ చేయాలనుకునేవాళ్లు పాత వీడియో పాఠాలు చూసి, ఇన్‌స్టాగ్రామ్ ఫిల్టర్లు చేసే మెటా స్పార్క్ కోసం వెతుకుతున్నారు. బయటివాళ్లు దాంతో ఎఫెక్ట్‌లు చేసే అవకాశాన్ని మెటా 2025 జనవరి 14తో ఆపేసింది. ఇప్పుడు స్నాప్‌చాట్ వాళ్ల లెన్స్ స్టూడియో చూడండి. ఉచితమే, కాకపోతే విండోస్ లేదా మ్యాక్ కంప్యూటర్ కావాలి. అందులో ఫేస్ మాస్క్ అని ఉంటుంది. ముఖాన్ని తొక్క ఒలిచి పరిచినట్టు ఉండే ఒక నమూనా బొమ్మ ఇస్తారు. మీ డిజైన్‌ను ఆ నమూనా కొలతలకు సరిపోయేలా సర్ది ఎక్కిస్తే, కెమెరాలో మనిషి తల తిప్పినప్పుడు ముసుగూ తిరుగుతుంది. లెన్స్ (స్నాప్‌చాట్‌లో ఫిల్టర్‌ను ఇలా అంటారు) మొత్తం 8 ఎంబీ లోపు ఉండాలి కాబట్టి బొమ్మను 1024 పిక్సెళ్లకు తగ్గించండి. దాన్ని అందరికీ పబ్లిష్ చేయనవసరం లేదు, మీ ఫోన్‌తో కంప్యూటర్‌ను పెయిర్ చేసి పరీక్షించి వీడియో తీసుకుంటే చాలు.

నాకు మాత్రం కాగితం ముసుగే ఇష్టం. తొడుక్కున్న మనిషి నవ్వితే కాగితం కదులుతుంది, ఆ కదలిక ఏ ఫిల్టర్‌లోనూ రాదు. ఏ4 కాగితం 210 మిల్లీమీటర్ల వెడల్పు, 297 మిల్లీమీటర్ల ఎత్తు. 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) దగ్గర అది 2480 × 3508 పిక్సెళ్లు. పెద్దవాళ్లలో రెండు కంటిపాపల మధ్య దూరం సగటున 63 మిల్లీమీటర్లు ఉంటుంది. తొడుక్కునే మనిషి కళ్లను స్కేలుతో కొలిచి, రంధ్రాలు ఆ దూరంలో పెట్టండి. డిజైన్ పక్కన సరిగ్గా 10 సెంటీమీటర్ల గీత ఒకటి వేసి ప్రింట్ తీయండి. కాగితం మీద ఆ గీత 10 సెంటీమీటర్లు రాలేదంటే, ప్రింటర్ సెట్టింగ్‌లో పేజీకి సరిపెట్టు అన్నది ఎంపికై ఉంటుంది. దాన్ని తీసేసి 100 శాతం అని పెట్టండి. ముక్కు ముందుకు పొడుచుకొచ్చే త్రీడీ ముసుగు కావాలంటే బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో మోడల్ చేసి, పేపర్ మోడల్ అనే యాడ్ఆన్‌తో మడతల గీతలతో సహా కాగితం మీదికి విప్పొచ్చు. బ్లెండర్ ఇదివరకే వచ్చినవాళ్లుంటేనే దీనికి పూనుకోండి. 48 గంటల్లో నేర్చుకుని చేసే పని కాదు.

ఒక జాగ్రత్త. ముసుగు తొడుక్కుని ఫోన్‌తో తీసిన ఫొటోలో, లొకేషన్ ఆన్‌లో ఉంటే, ఫొటో తీసిన చోటు కూడా నమోదై ఉంటుంది. నాణ్యత కోసం డాక్యుమెంట్‌గా పంపమని పైన చెప్పాను కదా, అలా పంపితే ఆ లొకేషన్ కూడా ఫైలుతో పాటే వెళ్లొచ్చు. ఆటలో పరిచయమైనవాళ్లకు మీ ఇల్లు ఎక్కడో తెలియాల్సిన పనిలేదు. ఫొటో తీసేముందే కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ఆపేయండి. గీసిన పీఎన్‌జీకి ఈ సమస్య రాదు, కెమెరా ఫొటోలకే.

ప్రశ్న: మేం మూడు రాత్రులు కూర్చుని గీసిన మాస్క్‌ను ఏఐతో చేయించారని ఎదుటి టీమ్ అంటోంది. ఒక వెబ్‌సైట్‌లో పెడితే 87 శాతం ఏఐ అని వచ్చిందట. ఎలా నిరూపించుకోవాలి?

ముందుగా, ఆ 87 శాతం దేనికీ రుజువు కాదు. బొమ్మ చూసి ఏఐ అవునో కాదో చెబుతామనే సైట్లు మనుషులు గీసినవాటిని తప్పుపట్టడమూ, ఏఐ బొమ్మలను వదిలేయడమూ రెండూ జరుగుతాయి. నున్నగా రంగులు వేసిన, రెండు పక్కలా ఒకేలా ఉండే ముసుగుల మీద వాటి తీర్పును నేనైతే అస్సలు నమ్మను. హోస్ట్‌కు ఈ మాట గట్టిగా చెప్పండి.

మీ చేతిలో ఉన్న రుజువు లేయర్ల ఫైలు. దాన్ని హోస్ట్‌తో వీడియో కాల్‌లో తెరిచి, ఒక్కో లేయర్ ఆపుతూ, వేస్తూ చూపించండి. మొదటి గజిబిజి గీతలు, చెరిపేసిన కిరీటం, మార్చిన రంగులు అన్నీ అక్కడుంటాయి. ప్రొక్రియేట్ టైమ్‌ల్యాప్స్‌ను (గీసినదంతా వేగంగా చూపే వీడియోను) మామూలుగా తనే రికార్డు చేస్తుంది. ఐబిస్ పెయింట్‌లోనూ గీసిన తీరు వీడియోగా వస్తుంది. క్రిటా 5.0 నుంచి రికార్డర్ ఉంది, దాన్ని మాత్రం మీరే ఆన్ చేయాలి. డ్రైవ్‌లో పాత వెర్షన్ల తేదీలూ పనికొస్తాయి. చాట్‌లో మీరు ఒకరికొకరు పంపుకున్న సగం సగం బొమ్మలు కూడా.

హోస్ట్‌లు కూడా ఇది చదువుతుంటే ఒక విన్నపం. ఏఐ వాడొచ్చా లేదా అన్నది టాస్క్ ఇచ్చేటప్పుడే రాసిపెట్టండి, లేయర్ల ఫైలు కూడా పంపాలని అప్పుడే చెప్పండి. ఓడాక అడిగితే అది అనుమానంలా ఉంటుంది, ముందే అడిగితే రూల్ అవుతుంది.

ప్రశ్న: నేను హోస్ట్‌ని. ఏ మాస్క్ ఏ టీమ్‌దో తెలియకుండా ఓటింగ్ పెట్టాలి. ఒకరు రెండుసార్లు ఓటేయకూడదు. గూగుల్ ఫామ్స్ సరిపోతుందా?

సరిపోతుంది. ఒక్కొక్కరికి ఒకే జవాబు అనే సెట్టింగ్ పెడితే గూగుల్ ఖాతాతో లాగిన్ అవ్వాలి, మీరు ఈమెయిల్స్ సేకరించకపోతే ఎవరు దేనికి ఓటేశారో మీకు కనపడదు. రెండు ఖాతాలున్నవాళ్లు రెండుసార్లు వేయగలరు. జడ్జీలు పదిమంది లోపే ఉంటే ఒక్కొక్కరికి విడిగా ఒక కోడ్ పంపి, ఫామ్‌లో మొదటి ప్రశ్నగా దాన్ని అడగండి. అయితే ఏ కోడ్ ఎవరిదో మీకు తెలుస్తుంది కాబట్టి ఆ సంగతి జడ్జీలకు ముందే చెప్పండి. ఆప్షన్ల వరుస ప్రతిసారీ మారేలా షఫుల్ ఆన్ చేయండి, లేకపోతే మొదట కనపడినదానికి అదనపు లాభం ఉంటుంది.

ఫైల్ పేర్లు మర్చిపోకండి. టీమ్ పేరుతో వచ్చిన ఫైలును అలాగే పెడితే దాచిందంతా వృథా. ఒకటి, రెండు, మూడు అని మార్చి, అన్నిటినీ ఒకే కొలతకు తెచ్చి పెట్టండి. గడువు రాత్రి 12 గంటలు అని రాయకండి, ఏ రోజు 12 అన్నదాని మీద గొడవలవుతాయి. 11:59 అని రాయండి. ఆటగాళ్లు వేర్వేరు దేశాల్లో ఉంటే డిస్కార్డ్ టైమ్‌స్టాంప్ వాడండి, అది ఎవరి గడియారం ప్రకారం వాళ్లకు కనిపిస్తుంది.