సబ్బు నురగ చదువు కాదు సార్ అది

ప్రశ్న: మాది అనంతపురం. అమ్మాయి ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చివరి ఏడాది. నూనెలో నీటి బొట్లు, వాటిలో పాలిమర్లు, సర్ఫాక్టెంట్లు అంటూ దాని మీదే పీహెచ్‌డీ చేస్తానంటోంది. మా తోడల్లుడి కొడుకు బెంగళూరులో డేటా సైన్స్ నేర్చుకుంటున్నాడు. ఈ సబ్బు నురగ చదువుతో ఉద్యోగం వస్తుందా? రెండిట్లో ఏది మేలు?

జవాబు: సార్, మీ భయం అర్థమైంది. ఇరవై ఏడేళ్లొచ్చినా పిల్ల చేతిలో రూపాయి ఉండదేమోనని. ఇలా అడిగే తండ్రులందరి టెన్షన్ ఇదే.

సబ్బు నురగ అని రాశారంటేనే ల్యాబులో ఏం చేస్తున్నావమ్మా అని ఒక్కసారీ అడగలేదని తెలుస్తోంది. నేను చెప్తా వినండి. పాలిమర్‌కు ముడిసరుకైన అక్రిలమైడ్ కలిపిన నీళ్లు, నూనెలా నీటిలో కలవని టోలుయిన్ అనే ద్రావకంలో పోస్తే రెండూ విడిపోతాయి. ఏఓటీ అనే సర్ఫాక్టెంట్, అంటే నీటినీ నూనెనూ కలిపి ఉంచే సబ్బులాంటి పదార్థం, బాగా దట్టిస్తే నీళ్లు నానోమీటర్ల బొట్లుగా చీలి, మొత్తం గాజులా తేటగా నిలుస్తుంది, ఆ బొట్లలోనే చిన్న అణువులు గొలుసులా అతుక్కుని పాలిమర్ పెరుగుతుంది. బొట్లు గుద్దుకుని లోపలి సరుకు మార్చుకుంటాయి కాబట్టి వాటి చుట్టూ ఉన్న సర్ఫాక్టెంట్ పొర ఎంత గట్టిది, ఎంత మోతాదు వేశాం అన్నదాన్ని బట్టి పాలిమర్ రేణువుల సైజూ, రియాక్షన్ వేగమూ మారిపోతాయి. మోతాదు తగ్గితే తేటదనం పోయి మజ్జిగలా తెల్లబడుతుంది, పెంచితే ఖర్చు, అసలు తలనొప్పంతా అక్కడే. అలా వచ్చే పాలీఅక్రిలమైడ్‌ను బురద నీళ్లు తేటపరచడానికి వాడతారు. ఆ ఏఓటీనే డాక్యుసేట్ పేరుతో మలబద్ధకానికి మెడికల్ షాపులో అమ్ముతారు. పెయింట్లు, జిగుర్లు, షాంపూలు, మందులు, ఇవన్నీ తయారుచేసే కంపెనీలకు ఈ పని తెలిసినవాళ్లు కావాలి.

డేటా సైన్స్ చెడ్డదనను. లెక్కలు, స్టాటిస్టిక్స్ అంటే ఇష్టమై చేరినవాళ్లు బాగానే నిలదొక్కుకుంటున్నారు. నాన్న చెప్పాడని చేరిన కెమిస్ట్రీ పిల్లలతోనే నాకు భయం. కొన్ని నెలల కోర్సు, పేయింగ్ గెస్ట్ అద్దె, చివరికో సర్టిఫికెట్, ఆ సర్టిఫికెట్టే పక్కన కంప్యూటర్స్ బీటెక్ చేసినవాడి చేతిలోనూ ఉంటుంది, ఇంటర్వ్యూలో ఎవర్ని తీసుకుంటారు? వంద శాతం ప్లేస్‌మెంట్ అన్నవాళ్లను ఆ మాట కాగితం మీద రాసిమ్మని అడిగి చూడండి, తెలుస్తుంది. తోడల్లుడితో పోటీకి పిల్ల చదువును పణం పెట్టకండి సార్, కోపమొచ్చినా చెప్తున్నా.

డబ్బు సంగతికొస్తే, నెట్ పరీక్ష రాసి జేఆర్ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ తెచ్చుకుంటే 2023 నుంచి మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000, ఇంటద్దె అలవెన్సు వేరే. చదువుకుంటూనే సంపాదన. ఫెలోషిప్ లేకుండా మాత్రం పీహెచ్‌డీలో చేర్చకండి. ఈసారి రాకపోతే హైదరాబాద్ ఫార్మా కంపెనీలో క్యూసీ, అంటే మందుల నాణ్యత పరీక్షించే ఉద్యోగం చూసుకుని, పక్కన మళ్లీ నెట్ రాయనివ్వండి.