జపాన్ వెళ్తున్న చిన్నికి పెద్దమ్మ రాసేది

చిన్నీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి గంటసేపు నా ప్రాణం తీసింది. "అక్కా, ఎనిమిది మంది ఆడవాళ్ళని వెంటేసుకుని జపాన్ పోతుందట, తోడు ఒక్క మగాడు కూడా లేడట, నువ్వైనా చెప్పవే" అని. అక్కడ రాత్రి పదకొండింటికి ఆడపిల్ల ఒక్కతే ట్రైన్లో కునికిపాట్లు పడుతూ ఇంటికెళ్తుంది, నీ కూతురికేం కాదు పడుకో అని పెట్టేశాను. పెట్టేశాక నిద్ర పట్టనిది నాకు. మూడో క్లాసులో కాకినాడ బస్టాండులో తప్పిపోయి, బజ్జీల బండి దగ్గర దొరికినదానివి నువ్వు. ఇప్పుడు ఎనిమిది మందిని తిప్పుకొస్తానంటున్నావు. సంతోషమే, భయమూ ఉంది. రెండూ కలిపి రాస్తున్నాను, ఓపిగ్గా చదువు, వాట్సాప్‌లో బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకోకు.

నీ ప్లాన్ చూశాను. నవంబర్లో పది రోజులు, టోక్యో, కనజవా, తోబా, క్యోటో. గుళ్ళూ టవర్లూ తగ్గించి, ఊరూరా అక్కడి ఆడవాళ్ళతో కూర్చునేలా వేసుకున్నావు. కనజవాలో ఒకరింట్లో వంట, ఒకచోట టీ, తోబాలో సముద్రంలో మునిగే ఆడవాళ్ళతో ఒక పూట. నేను ఎనిమిదేళ్ళున్నాను కానీ మొదటి రెండేళ్ళూ నిషి-కసాయ్ దాటి మనసు కదల్లేదు. టోక్యోలో మనవాళ్ళు ఎక్కువగా ఉండే పేట అది, ఎవరింట్లో ఇడ్లీ పిండి బాగా పులిసింది అన్నదే మా లోకం. నువ్వు మొదటి రోజునుంచే వాళ్ళ గుమ్మాలెక్కుతానంటున్నావు. గుమ్మం ఎక్కడం తేలికే, ఎలా దిగుతావన్నదే నా బెంగ.

వీసా, ఇన్సూరెన్సు, టికెట్లు నీకు చెప్పక్కర్లేదు. సూట్‌కేసులు ఊరూరా మోయకండి, హోటల్ కౌంటర్లో ఇస్తే కొరియర్ వాళ్ళు తర్వాతి హోటల్‌కి చేరుస్తారు. నోట్లు కొంచెం దగ్గరుంచుకోండి. రోడ్డు మీద చెత్తబుట్ట కనిపించదు, బ్యాగులో ఒక కవర్ పెట్టుకో. పొద్దున రద్దీ ట్రైన్లలో చేతులేసే వెధవలు అక్కడా ఉన్నారు, అందుకే కొన్ని లైన్లలో ఆడవాళ్ళకి వేరే బోగీలు పెట్టారు, ప్లాట్‌ఫాం మీద గులాబీ రంగు గుర్తు చూసుకుని నిలబడండి. కరివేపాకు, పచ్చిమిరపకాయలు పట్టుకెళ్ళకండి, ఎయిర్‌పోర్టులో తీసేసుకుంటారు. మీ అమ్మ ఎలాగూ మూట కడుతుంది, తీసి ఫ్రిజ్‌లో పెట్టి వెళ్ళు, దానికి చెప్పకు.

బూట్ల సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోకు. ఎనిమిది మందికీ లేసులు లేనివి, పది కిలోమీటర్లు నడవగలిగేవి. రోజుకి పదిసార్లు విప్పాలి, గుమ్మంలో ఒకరు ఒంగుని లేసులు విప్పుతుంటే వెనక ఏడుగురు దిష్టిబొమ్మల్లా నిలబడాలి, అందుకని లేసులు వద్దు. పది కిలోమీటర్లు ఎందుకో కింద వస్తుంది.

అసలు సంగతి ఆ కనజవా వంట ఇల్లు. మీలో ఐదుగురు శాకాహారులన్నావు. ఆ ఇంటావిడకి "మేం వెజిటేరియన్" అని ఒక్క ముక్క మెయిల్ పెట్టి ఊరుకుని ఉంటావు, నాకు తెలుసు, ఎందుకంటే నేనూ అంతే చేశాను.

మా అపార్ట్‌మెంట్లో కింది వాటాలో ఒక పెద్దావిడ ఒక్కతే ఉండేది, డెబ్బై దాటాయి. ఓసారి గిన్నెడు కాకి పళ్ళు ఇచ్చింది. నవ్వకు, ఆ పళ్ళ పేరే అది, చూడ్డానికి టమాటాల్లా ఉంటాయి. ఖాళీ గిన్నె తిరిగివ్వకూడదు కదా, రవ్వలడ్లు పెట్టి ఇచ్చాను. తీసుకున్నదానికి బదులివ్వకపోతే వాళ్ళకీ నిద్రపట్టదు. అంతే, ఆ గిన్నె ఏడాదిపాటు మెట్లెక్కుతూ దిగుతూనే ఉంది. నాకొచ్చిన కాస్త జపనీసూ ఆ మెట్ల మీద వచ్చిందే.

2010 మార్చి 3న హినమత్సురికి పిలిచింది. ఆడపిల్లల పండగ, ఎర్రగుడ్డ పరిచిన మెట్ల మీద రాజూ రాణీ పరివారం, అచ్చం మన బొమ్మల కొలువు. ఆవిడదీ కనజవాయే, యుద్ధంలో బాంబులు పడని ఊరు, అందుకే తన చిన్ననాటి బొమ్మలు మిగిలాయి అంది. మాంసం, చేప, గుడ్డు తిననని ముందే చెప్పాను. ఆ రోజు వాళ్ళు అన్నం మీద చేప ముక్కలూ గుడ్డు పీచూ పరిచి చిరాషిజుషి చేస్తారు, గవ్వల చారు పెడతారు. నాకోసం అవన్నీ తీసేసి తామరతూళ్ళు, పుట్టగొడుగులు, ఆనపకాయ ఒరుగులు ఉడికించి అన్నంలో కలిపింది. జపాన్లో ఆనపకాయ ఒరుగులేమిటి, మా నాయనమ్మ డాబా మీద ఆరబెట్టేది! రెండోసారి వడ్డించుకున్నాను. టోఫూ వేసిన చారు గ్లాసులో పోసుకు తాగాలనిపించింది. ఇంత రుచి ఎలా వచ్చిందండీ అని అడిగాను చూడు, అక్కడ మునిగింది కొంప.

ఆవిడ మురిసిపోయి లోపల్నించి ఒక చెక్కపెట్టె, ఒక చెక్కముక్క తెచ్చింది. వడ్రంగి చిత్రికని బోర్లా బిగించినట్టుంది పెట్టె. దాని మీద ఆ ముక్కని రుద్దితే పల్చటి పొరలు రాలాయి. ఏ చెట్టు బెరడో అనుకుని పేరడిగాను. కత్సువోబుషి అంది. చేప! ఉడికించి, పొగబెట్టి, చెక్కలా బిగుసుకునేదాకా ఎండబెట్టిన చేప. చారూ అదే, ఒరుగులు ఉడికిందీ ఆ నీళ్ళలోనే. ఆవిడ మోసం చేయలేదే, చిన్నీ. చేప తిననంటే ఆవిడ చేపముక్క తీసేసింది. ఆ నీళ్ళనే దాషి అంటారు, వాళ్ళకి మన పోపులాంటిది, అదొక పదార్థమని కూడా అనిపించదు.

నేను లేచి బాత్రూంలోకి పరిగెత్తాను. కక్కుకున్నాను, ఆ చిన్న ఇంట్లో శబ్దమంతా వినపడేలా. తిరిగొచ్చి కూర్చున్నాక ఆవిడ నా కాళ్ళవంక చూసి, చూడనట్టు తల తిప్పుకుంది. బాత్రూం స్లిప్పర్లు. వాటితోటే తతామీ చాప మీదికి, బొమ్మల ముందుకి వచ్చేశాను. మన దేవుడి గదిలోకి అలా ఎవరైనా వస్తే మీ అమ్మమ్మ ఏం చేసేదో ఊహించుకో. అప్పుడైనా దణ్ణం పెట్టి, పొరపాటైంది, మీ తప్పేం లేదు, మా ఆచారం ఇది అని చెప్పాలా? తలనొప్పి అని చెప్పి వచ్చేశాను. నేను గుమ్మం దాటేదాకా ఆవిడ నుదురు నేలకి ఆనించే ఉంది.

మర్నాడు పొద్దున్నే స్వీట్ల పెట్టె పట్టుకుని వచ్చింది. మీద ఒక చీటీ, ఎవరిచేతో ఇంగ్లీషులో రాయించింది, ఎర్ర అజుకి గింజలు, పంచదార, అగర్, చేప లేదు అని. తీసుకున్నాను, తిన్నాను కూడా. కిందికి మాత్రం వెళ్ళలేకపోయాను. కోపం కాదే, సిగ్గు. ఆవిడ చెత్త పడేసే వేళ కనిపెట్టి నా వేళ మార్చుకున్నాను. ఏడాదిపాటు గిన్నె ఆగిపోయింది. మరుసటి మార్చి 3కి మళ్ళీ పిలిచింది, పిల్లాడికి జ్వరం అని అబద్ధమాడాను.

ఎనిమిది రోజులు తిరక్కుండా 2011 మార్చి 11, శుక్రవారం, మధ్యాహ్నం 2.46. నేను పనిమీద నిహోంబాషిలో ఉన్నాను, మీ పెదనాన్న ఒసాకాలో. భూకంపం గురించి రాయను, టీవీలో చూశావు. రైళ్ళు ఆగిపోయాయి, ఫోన్లు కలవలేదు, రోడ్డు నిండా జనం ఇళ్ళకి నడుస్తున్నారు, ఒక్కరూ అరవడం లేదు, అదే ఇంకా భయం వేసింది. నా కాళ్ళకి హీల్స్. ఇంటికి పది కిలోమీటర్లు. ఇప్పుడర్థమైందా బూట్ల గొడవ? తమ్ముడికి అప్పుడు ఏడేళ్ళు, స్కూల్లో ఉన్నాడు. అలాంటప్పుడు ఫారంలో పేరున్న పెద్దవాళ్ళకే పిల్లల్ని అప్పగిస్తారు. చీకటిపడ్డాక చేరాను. కింద మెట్ల మీద దుప్పటి కప్పుకుని ఆవిడ, ఆవిడ ఒళ్ళో వాడు. ఎప్పుడో గిన్నెలు తిరిగే రోజుల్లో ఆ ఫారంలో ఆవిడ పేరు రాశాను, నేను మర్చిపోయాను, ఆవిడ మర్చిపోలేదు. వాడి చేతిలో సగం తిన్న అన్నం ముద్ద. నా చేతిలోనూ ఒకటి పెట్టి, ఒక్కో వేలూ మడుస్తూ లెక్క చెప్పింది. అన్నం. ఉప్పు. ఉమే. ఇంకేం లేదు, అంది. ఉమే అంటే ఉప్పులో ఊరేసిన పుల్లటి పండు. అక్కడే కూర్చుని తిన్నాను, కింద మెట్టు ఇంకా వణుకుతూనే ఉంది.

సరే. ఇవాళే ఆ కనజవా ఆవిడకి మళ్ళీ మెయిల్ రాయి. ఎవరెవరు ఏం తినరో పేరుపేరునా, జపనీస్‌లో. కత్సువో దాషి, ఎండు చిన్నచేపల దాషి వద్దు, కొంబు నాచుతోగానీ ఎండు షీటాకే పుట్టగొడుగులతోగానీ చేసింది పర్వాలేదు, అని విడమరిచి. ఆవిడ ఏమీ అనుకోదు, ముందే చెప్తే హాయిగా ఉంటుంది వాళ్ళకి. "ఏదైనా పర్వాలేదండీ" అని మన మొహమాటం మాట అస్సలు అనకు. అదే కాగితం ఐదుగురి పర్సుల్లోనూ ఉండాలి, మీసో సూప్, ఊదోన్ నూడుల్స్ రసం అన్నిట్లోనూ సాధారణంగా ఆ చేప దాషే ఉంటుంది. వీలైతే ఒక రాత్రి కోయసాన్‌లో గుడి బసలో ఉండండి, అక్కడ సన్యాసుల వంట, చేప పొడ కూడా ఉండదు.

ఇంకోటి, ఆ ఇళ్ళు చిన్నవి, ఎనిమిది మంది ఒకే గదిలోకి పడితే ఆవిడ గోడకి అంటుకుపోవాలి. ఇద్దరిద్దరుగా నాలుగిళ్ళు చూడు. ఇద్దరే ఉంటే తెలుగులో గుసగుసలాడుకోవడం కూడా తగ్గుతుంది. ఎన్నో ఏడు, పెళ్ళైందా, పిల్లలెందరు అని మొదలుపెట్టకండి, మనకది ప్రేమ, వాళ్ళకి ఇబ్బంది. వాళ్ళు "చొత్తో..." అని సాగదీసి ఆగితే కుదరదని అర్థం, ఎందుకని తవ్వకండి.

ఇచ్చేందుకు ఆత్రేయపురం పూతరేకులు పట్టుకెళ్ళు, విడివిడిగా చుట్టినవంటే వాళ్ళకి ప్రాణం, స్టీలు డబ్బాలో పెట్టి చేతిసంచీలో ఉంచు, లేకపోతే పొడే మిగుల్తుంది. నాలుగు మాత్రం ఇవ్వద్దు, నాలుగూ చావూ వాళ్ళ భాషలో ఒకే పలుకు. పోచంపల్లి కండువాలు కూడా తీసుకో. దారానికి ముందే ముడులేసి రంగులో ముంచే ఆ పని వాళ్ళకీ ఉంది, కసురి అంటారు. కురుమె ఊళ్ళో ఇనోవె డెన్ అనే పన్నెండేళ్ళ పిల్ల, 1800 ప్రాంతంలో, వెలిసిన బట్ట మీద తెల్లమచ్చలు చూసి దారాలు విప్పి ఆ కిటుకు పట్టిందని చెప్పుకుంటారు. కండువా ఇచ్చి ఆ పేరు ఎత్తు, తర్వాత నువ్వు మాట్లాడక్కర్లేదు.

తోబాలో అమాలని చూస్తే నీకు మతిపోతుంది. అరవై, డెబ్బై ఏళ్ళ వాళ్ళు, సిలిండర్ లేకుండా ఊపిరి బిగబట్టి మునిగి గవ్వలు ఏరుకొస్తారు. పైకొచ్చి వదిలే ఊపిరి ఈలలా వినిపిస్తుంది. వాళ్ళ తలగుడ్డ మీద నక్షత్రం ఉంటుంది చూడు, చెయ్యి ఎత్తకుండా గీస్తే మొదలెట్టిన చోటికే వచ్చి కలుస్తుంది, తామూ అలాగే తిరిగి ఒడ్డుకి రావాలని. తోబా, షిమా అమాల పద్ధతిని ఆ ప్రభుత్వం 2017లో జానపద వారసత్వంగా గుర్తించింది. పొయ్యి మీద కాల్చేవి గవ్వలూ చేపలే కాబట్టి మీ ఐదుగురూ తిని వెళ్ళి, కబుర్లకి కూర్చోండి. పక్కనే ఓసత్సులో ఆడవాళ్ళ కోరిక ఒక్కటే తీర్చే చిన్న గుడి ఉంది. మీ అమ్మ నీ పెళ్ళి కోరుకోమంటుంది, నీ ఇష్టం.

క్యోటోలో గియోన్ సందుల్లో గెయిషా విద్య నేర్చుకునే మైకో అమ్మాయిల వెంట కెమెరాలతో పడకండి. 2024 నుంచి అక్కడి ప్రైవేటు సందుల్లోకి టూరిస్టులు రాకూడదు, పదివేల యెన్లు జరిమానా అని బోర్డు ఉంటుంది.

నాకేం తేవద్దు. సరే, ఆ ముద్దలో పెట్టిన ఉమేబోషి ఒక చిన్న డబ్బా తీసుకురా, తేనె వేసినవి వద్దు, ఉప్పువి. లేబుల్ చూసి కొను, కత్సువో ఉమే అని ఒకటుంటుంది, దాంట్లోనూ చేప కలుపుతారు మహానుభావులు.

మీ పెద్దమ్మ