‘ఐదు నిమిషాల్లో చేస్తా’ అంటే ఎందుకంత భయం?

బెంగళూరు మారతహళ్లి పీజీ నుంచి మీరు రాసింది రెండుసార్లు చదివాను. వయసు 23, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మీరు ప్రేమించిన అబ్బాయి ‘ఐదు నిమిషాల్లో చేస్తా’ అని గంటయినా ఫోన్ చేయకపోతే నలభై మెసేజ్‌లు, తిట్లు, బ్లాక్ చేయడం, తెల్లారి ఏడుపు. ఆన్‌లైన్ టెస్టులో ‘బోర్డర్‌లైన్’ అని వచ్చింది, ఏడాది పిల్లనప్పుడే అమ్మ మదనపల్లెలో అమ్మమ్మ దగ్గర వదిలేసినందుకే ఇలా అయ్యానా అని అడిగారు.

ఆ టెస్టును ముందు పక్కన పడేయండి. బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్ (వదిలేస్తారన్న భయం, అదుపు తప్పే భావోద్వేగాలు ఉండే మానసిక సమస్య) అనాలంటే తొమ్మిది లక్షణాల్లో కనీసం ఐదు ఉండాలి, అవీ ఒక్క ప్రేమలోనే కాదు, ఇంట్లో, ఆఫీసులో, స్నేహాల్లో ఏళ్ల తరబడి కనిపించాలి. టీమ్‌లో ఎవరితోనూ గొడవల్లేవని మీరే రాశారు. ఉందో లేదో ఉత్తరం చూసి నేనూ చెప్పలేను.

ఇక అమ్మ సంగతి. పిల్లల మనసు మీద పరిశోధన చేసిన బౌల్బీ, ఎయిన్స్‌వర్త్ చెప్పిన అటాచ్‌మెంట్ (పసిపిల్లలకు తమను చూసుకునే మనిషితో ఏర్పడే బంధం) కన్నతల్లితోనే అని కాదు, ఏడిస్తే ఎత్తుకునే మనిషి రోజూ ఉండాలి, అంతే. మీకు ఆ మనిషి అమ్మమ్మ. నేను ఆగిపోయింది మీరు చివర్లో మామూలుగా రాసేసిన మాట దగ్గర: ఆరేళ్లప్పుడు మిమ్మల్ని అమ్మతో బెంగళూరు బస్సెక్కించి, ‘బిస్కెట్లు కొనుక్కొని ఇప్పుడే వస్తా’ అని అమ్మమ్మ దిగింది, బస్సు కదిలిపోయింది. పిల్ల ఏడుస్తుందని పెద్దవాళ్లు ఇప్పటికీ ఇలాగే చేస్తారు, వింటే నాకు ఒళ్లు మండుతుంది. ‘ఇప్పుడే వస్తా’ అన్న మనిషి రాకపోతే ఎలా ఉంటుందో మీకు ఆరేళ్లకే తెలుసు, ఇప్పుడు ఆ ఫోన్ దగ్గర కూర్చుని వణుకుతున్నది ఆ పిల్లేనేమో.

చిన్నప్పటి ఎడబాటు ఇలాంటి జబ్బుల ముప్పు పెంచుతుంది, నిజమే. కానీ పుట్టుకతో వచ్చిన స్వభావం, తర్వాత ఇంట్లో చూసుకున్న తీరు, అన్నీ కలవాలి. అలా పెరిగిన చాలామందికి ఏ డిజార్డరూ రాదు.

ఉన్న ఊళ్లోనే నిమ్హాన్స్ అనే ప్రభుత్వ మానసిక వైద్య సంస్థ ఉంది, ఓపీకి వెళ్లండి. ఒకవేళ బోర్డర్‌లైనే అని తేలినా డీబీటీ (డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ) అని, భావోద్వేగాలను అదుపు చేసుకోవడం నేర్పే థెరపీ ఉంది, దాన్ని రూపొందించిన మార్షా లైనహన్ తాను పదిహేడేళ్లకే మానసిక ఆస్పత్రిలో చేరిన సంగతి 2011లో బయటపెట్టారు. బతకాలనిపించని రాత్రి వస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి చేయండి, తెలుగులోనే మాట్లాడొచ్చు.

అతనికి బిస్కెట్ల సంగతి చెప్పండి. ‘ఐదు నిమిషాలు’ మానేసి ‘మీటింగ్ ఉంది, తొమ్మిదికి చేస్తా’ అనమనండి. తొమ్మిది దాకా ఫోన్ పక్క గదిలో పెట్టడం మీ వంతు. అమ్మమ్మ ఇంకా ఉన్నారుగా, పండక్కి వెళ్లినప్పుడు ఆ రోజు బస్సు దిగాక ఏం చేశావని అడగండి.